మందు కొట్టని వరుస

పండి, పగిలి, లోపలి ఎర్రటి గుజ్జు బయటపెట్టిన కాకరకాయలు కావాలని అడిగితే ఏలూరు రైతుబజారులో నన్ను ఎవరూ మామూలు మనిషిలా చూడలేదు. అందరూ లేతవి ఏరుకుంటున్నారు. వాళ్ళ మధ్య నిలబడి "బాగా పండిపోయినవి ఉన్నాయాండీ" అని అడిగితే, అమ్మే ఆవిడ ఒకసారి నా మొహం వంక, ఒకసారి నా చేతిసంచీ వంక చూసి, "ఆవుకాండీ?" అంది. కాదు, నాకే అన్నాను. ఆవిడ పక్కనున్న ఆవిడ వైపు వంగి ఏదో చెప్పింది. ఇద్దరూ కలిసి నన్ను చూశారు. ఆ తర్వాత రెండు వారాలు నేను అటువైపు వెళ్ళలేదు.

నేను ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఈ మధ్యనే, ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక, పాఠాలు చెప్పుకుంటూనే పరిశోధన మొదలుపెట్టాను. కొన్ని మొక్కలు ఒక విచిత్రమైన ప్రొటీను తయారుచేసుకుంటాయి. జీవకణంలో ప్రొటీన్లు తయారుచేసేవి రైబోజోములు కదా, ఈ ప్రొటీను వెళ్ళి వాటిని పనిచెయ్యకుండా చేసేస్తుంది. కాకర గింజలో అలాంటిది ఒకటుంది. గింజ ముదరాలంటే కాయ పండాలి. పండిన కాకరకాయని బజారుకి తెచ్చే రైతు మాత్రం ఎక్కడా లేడు.

చివరికి తాడేపల్లిగూడెంలో ఉన్న మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. బాబాయ్ ఉల్లిపాయల వ్యాపారి. మార్కెట్‌లో ఆయనకి తెలియని కూరగాయల వాళ్ళు లేరు. ఆయన సంగతేమిటో అడగలేదు. "ఎన్ని కావాలమ్మా" అన్నారంతే. ఆదివారం నేను వెళ్ళేసరికి వరండాలో ఒక గోనెసంచీ ఉంది. దాని చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. పిన్ని గుమ్మంలో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"మీ బాబాయ్ పొద్దున్నుంచీ దీనికి కాపలా కాస్తున్నారు," అంది పిన్ని. "ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని."

భోజనాల దగ్గర బాబాయ్ అప్పుడడిగారు, ఇవి ఎందుకని. నాకు పాఠం చెప్పే అలవాటు. ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆగలేను.

"పెళ్ళిలో వంటశాల ఉంటుంది కదా బాబాయ్. ఎవరు ఏ చీటీ రాసి పంపినా వంటవాళ్ళు అది చూసి వండేస్తారు. మన కణంలో ఆ వంటవాళ్ళే రైబోజోములు. వైరస్‌కి సొంత వంటవాళ్ళు లేరు. అది మన వంటశాలలో దూరి, తన చీటీ అక్కడ పెట్టి, తనకి కావలసినవన్నీ వండించుకుంటుంది. ఈ కాకర గింజలో ప్రొటీను ఏం చేస్తుందంటే, ఆ వంటవాళ్ళ పొయ్యికి ఉన్న ఒకే ఒక్క చీల పీకేస్తుంది. ఇక ఆ పొయ్యి మీద ఏదీ ఉడకదు."

"వైరస్‌కి తిండి లేకుండా పోతుంది," అన్నారు బాబాయ్. ఆయన కళ్ళు మెరిశాయి.

"మరి పెళ్ళివారికో?" అంది పిన్ని, పులుసు వడ్డిస్తూ.

అది చాలా మంచి ప్రశ్న. నా పరిశోధనంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంది. "వాళ్ళకీ ఉండదు పిన్నీ," అన్నాను. "అందుకే దీన్ని మందు చెయ్యడం అంత తేలిక కాదు. ఆముదం గింజలో ఉన్నదీ ఇలాంటిదే. దానికి కణం తలుపు తీసుకునే తాళంచెవి కూడా ఉంటుంది, అందుకే అది పచ్చి విషం. కాకరలో దానికి తాళంచెవి లేదు. తనంతట తాను లోపలికి వెళ్ళడం కష్టం. కాన్సర్ కణాన్ని వెతుక్కుంటూ వెళ్ళే యాంటీబాడీకి ఇలాంటివాటిని తగిలించి పంపాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఎయిడ్స్ వైరస్ మీద కూడా ప్రయోగశాలలో, గాజుపాత్రల్లో పెంచిన కణాల మీద చూశారు. మనుషుల సంగతి ఇంకా తేలలేదు."

ఈ మాటల్లో చివరి సగం బాబాయ్ వినలేదని నాకు తర్వాత తెలిసింది. కరోనా వచ్చిన దగ్గర్నుంచి ఆయనకి వైరస్ అన్న మాట వినపడితే చాలు, మిగతా ప్రపంచం కనపడదు. అప్పట్లో రోజుకి నాలుగుసార్లు ఆవిరి పట్టి ముక్కు చివర కాల్చుకున్న మనిషి. మిరియాల కషాయం, పసుపు పాలు, పచ్చి వెల్లుల్లి, ఇలా ఒక్కొక్కటీ ఒక్కో నెల ఆయన జీవితాన్ని ఏలి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఇంట్లోనే ఒక సైంటిస్టు తయారై, కాకర గింజ అంది.

నేను సంచీ తీసుకుని ఏలూరు వచ్చేశాను. అందులోంచి ఆయన ముందే కొన్ని కాయలు తీసి దాచుకున్నారని నాకు తెలియదు.

పదిరోజుల తర్వాత పిన్ని ఫోన్ చేసింది. పిన్ని ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజు ఇంకా తగ్గించి మాట్లాడింది.

"అమ్మాయ్, ఆ రోజు మీ బాబాయ్‌కి నువ్వేం చెప్పావో ఒకసారి మళ్ళీ చెప్పు."

మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. బాబాయ్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. పచ్చి కాకర గింజలు మిక్సీలో వేసి, వడకట్టి, పరగడుపున గ్లాసుడు తాగారట. మొదటి రోజు ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చి రెండో రోజు గ్లాసు మార్చారు. స్టీలు గ్లాసు నుంచి మజ్జిగ తాగే పెద్ద గ్లాసుకి. ఆ తర్వాత వాంతులు, కడుపునొప్పి. పైగా ఆయన షుగరు మాత్రలు వేసుకుంటారు. కాకర రసం దానికి తోడై, షుగరు పడిపోయి, దుకాణంలో ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డారు.

డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన బాబాయ్ నాడి చూస్తూ అడిగారు. "ఏం తాగారండీ?"

"కాకర గింజల రసమండీ."

"ఎందుకు తాగారండీ?"

"వైరస్‌కి వంట లేకుండా చేద్దామనండీ."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "ఇలా ఎవరు చెప్పారండీ మీకు?"

"మా అన్నయ్యగారి అమ్మాయండీ. సైంటిస్టు. ఇదిగో, ఇక్కడే ఉంది."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. నేను తాగమని చెప్పలేదని, అసలు నోటితో తీసుకుంటే ఆ ప్రొటీను చాలావరకూ కడుపులోనే అరిగిపోతుందని, పచ్చి గింజలు మంచివి కావని, నా మాటల్లో రెండో సగం కూడా ఉందని చెప్పాలనుకున్నాను. కానీ ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. "జాగ్రత్తగా చెప్పాలమ్మా పెద్దవాళ్ళకి," అన్నారాయన. నేను తలూపాను. బాబాయ్ కూడా నా వైపు చూసి, అవును అన్నట్టు తలూపారు.

బాబాయ్ రెండు రోజుల్లో లేచి తిరిగారు. మూడో రోజు పిన్ని నన్ను మేడ మీదకి పిలిచింది. అక్కడ ఆవిడ పాత ప్లాస్టిక్ బకెట్లలో, పెయింటు డబ్బాల్లో కూరగాయలు పెంచుతుంది. పీట వాల్చి కూర్చోబెట్టింది.

"నువ్వు చదువుకున్నదానివి, ఉత్తినే మాట్లాడవు. అందులో నిజం ఎంతుందో అంతే చెప్పు. మనుషుల సంగతి వదిలెయ్."

మనుషుల్ని వదిలేస్తే చెప్పడం తేలికైపోయింది. మొక్కల మీద దీని ప్రభావం చాలాకాలంగా చూస్తున్నారని చెప్పాను. కాగితం పూల చెట్టు, అదే బోగన్‌విలియా ఆకుల్లో కూడా ఇలాంటి ప్రొటీను ఉంది. ఆ ఆకుల రసం తెగులు రాకముందే లేత మొక్కల మీద చల్లితే, కొన్ని వైరస్ తెగుళ్ళు తగ్గుతాయంటారు. వచ్చాక చల్లితే లాభం లేదు.

పిన్ని తన బెండ మొక్కల వంక చూసింది. ఆవిడకి ఏటా అదే బాధ. మొక్క మోకాలెత్తు రాగానే ఆకుల ఈనెలు పసుపెక్కుతాయి, తర్వాత ఆకంతా పసుపైపోతుంది, కాయలు గట్టిపడి గిడసబారతాయి. పల్లాకు తెగులు. అదీ వైరస్సే. తెల్లదోమ మోసుకొస్తుంది.

"సరే, మళ్ళీ గింజలు పెడతాను," అంది. "ఒక వరుసకి కొడదాం. ఒక వరుసకి వద్దు."

నేను ఆశ్చర్యపోయాను. మా పిల్లలకి ఈ ఒక్క విషయం ఎక్కించడానికి నాకు ఏడాది పడుతుంది. పిన్ని పదో తరగతి దాకా చదువుకుంది. ఎలా తెలుసని అడిగాను.

పిన్ని పుట్టిల్లు కొల్లేటి పక్కన. ఆవిడ అన్నయ్యకి రొయ్యల చెరువులున్నాయి. రొయ్యకి తెల్లమచ్చ వైరస్ వస్తే మూడు నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ. అందుకని మోటారుసైకిళ్ళ మీద మందులమ్మేవాళ్ళు వారానికొకరు వస్తారట. "మా అన్నయ్య ఎవరినీ కాదనడు. మందు తీసుకుంటాడు. కానీ ఒక చెరువు మాత్రం ఏమీ వెయ్యకుండా వదిలేస్తాడు. పంటయ్యాక మందు వేసిన చెరువూ, వెయ్యని చెరువూ ఒకేలా ఉంటే, ఆ మోటారుసైకిలాయన మళ్ళీ వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి పంపేస్తాడు. అంతే."

ఇక ఆకులు కావాలి. మా వాళ్ళ వీధిలో కాగితం పూల చెట్టు లేదు. పిన్ని బాబాయ్‌కి ఆ పని అప్పజెప్పింది. ఆకులు ఎక్కడ దొరుకుతాయో ఆయనకి వెంటనే తట్టింది. హైవే మధ్యలో డివైడరు మీద ఆ చెట్లే బారుగా ఉన్నాయి.

అరవై రెండేళ్ళ మనిషి, తెల్ల పంచె, చేతిలో బట్టలకొట్టు సంచీ, అటూ ఇటూ లారీలు. కాలేజీకి సెలవు కాబట్టి నేను కూడా వెంట వెళ్ళాను, రోడ్డు ఇవతలే నిలబడి వద్దని చేతులూపుతూ. ఆయన నాలుగు కొమ్మలు దూశారో లేదో, ఎక్కడి నుంచో ఒక హోంగార్డు వచ్చాడు. నేను కూడా రోడ్డు దాటేశాను.

"ఏవండీ, అక్కడేం చేస్తున్నారండీ?"

"ఆకులు కోస్తున్నానండీ."

"ఎందుకండీ?"

"బెండకాయలకండీ."

హోంగార్డు ఆలోచించాడు. "బెండకాయలు మార్కెట్‌లో ఉంటాయి కదండీ."

"వాటికి వైరస్ అండీ."

హోంగార్డు ఒక అడుగు వెనక్కి వేసి జేబురుమాలు మూతికి పెట్టుకున్నాడు. బాబాయ్‌కి అతని భయం చూసి జాలేసింది. సంచీ కిందపెట్టి పెళ్ళి, వంటశాల, చీటీ, పొయ్యి, చీల, మొత్తం చెప్పారు. అటునుంచి ఒక కొబ్బరికాయల లారీ, ఇటునుంచి రెండు బస్సులు వెళ్ళాయి. ప్రతి బస్సు వెళ్ళేటప్పుడూ ఆగి, అది దాటాక మళ్ళీ ఎక్కడ ఆపారో అక్కడి నుంచే అందుకున్నారు. నాకంటే బాగా చెప్పారు.

"మా ఇంట్లో ఆవిడకి నెల్లాళ్ళ నుంచి దగ్గండీ," అన్నాడు హోంగార్డు చివరికి. "ఈ ఆకులు పని చేస్తాయంటారా?"

నేను వద్దని చెప్పబోయాను. కానీ బాబాయ్ అప్పటికే గంభీరంగా తల అడ్డంగా ఊపారు. "తాగకూడదండీ. తాగితే ఏమవుతుందో నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి." అని, నా వైపు తిరిగి, "ఈవిడ సైంటిస్టండీ, ఈవిడే చెప్పింది," అన్నారు.

హోంగార్డు నాకు నమస్కారం పెట్టాడు. ఇక మీదట ఇక్కడికి రావద్దని, ఆకుల కోసం ప్రాణాలు పోగొట్టుకోవద్దని చెప్పి, చెయ్యెత్తి లారీలు ఆపి మమ్మల్ని రోడ్డు దాటించాడు. తర్వాత ఆకులు వెనకవీధిలో ఒక మాస్టారుగారింటి గోడ మీద నుంచి అడిగి తెచ్చుకున్నాం. ఆయన ఎందుకని అడిగితే పిన్ని "దిష్టికండీ" అంది. మళ్ళీ వంటశాల కథ మొదలవుతుందని ఆవిడ భయం.

ప్రయోగం మొదలైంది. ఆకులు కడిగి, పిన్ని అందుకోసం వేరే పెట్టిన పాత జారులో రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టి, నీళ్ళు కలిపి, చిన్న చేతి స్ప్రేయరుతో ఎడమవైపు వరుసకి కొట్టడం. కుడివైపు వరుసకి ఉత్తి నీళ్ళు. మొక్కలు మూడాకులు వేసినప్పటి నుంచి వారం వారం. నేను ఆదివారాలు వచ్చి చూసేదాన్ని. పిన్ని క్యాలెండరు గళ్ళలో చుక్కలు పెట్టేది.

నెల గడిచింది. రెండు వరుసలూ పచ్చగా ఉన్నాయి. ఇంకో రెండు వారాలు గడిచాయి. అప్పటికీ రెండూ పచ్చగానే ఉన్నాయి. పక్కింటి మేడ మీద బెండ మొక్కలు మాత్రం ఎప్పుడో పసుపెక్కాయి. నాకేమీ అర్థం కాలేదు. మందు కొట్టిన వరుస బాగుంటే సంతోషమే. కొట్టనిది ఎందుకు బాగుంది?

పిన్ని కుడివైపు వరుస దగ్గర వంగి ఒక ఆకు వెనక్కి తిప్పింది. అంచున ఎండిపోయిన ఆకుపచ్చ చుక్కలున్నాయి. ఉత్తి నీళ్ళు అలా ఎండవు. ఆవిడ లేచి కిందకి చూసి, "ఏవండీ, ఒకసారి పైకి రండి," అంది.

బాబాయ్ వచ్చారు. ఆకు చూశారు. ఆకాశం చూశారు.

"మీరు కొట్టారా?"

"నువ్వు గుడికెళ్ళినప్పుడు," అన్నారు బాబాయ్. "శనివారాలు."

"ఎందుకు?"

ఆయన కుడివైపు వరుస వంక చూశారు. "రోజూ పొద్దున్నే వస్తాను కదా. అటు వరుసకి మందిస్తున్నాం, ఇటు వరుసకి నీళ్ళు చల్లి మందు అంటున్నాం. మొహాన చెప్పేస్తే పోయేది. ఇలా మోసం చేస్తుంటే నాకు తిన్నది ఒంటబట్టలేదు. వీటికి మాత్రం మనం తప్ప ఎవరున్నారు?"

పిన్ని పీట మీద కూర్చుంది. నేను గోడకి ఆనుకున్నాను. ఆరు వారాల శ్రమ. రెండు వరుసలకీ మందు పడింది కాబట్టి మాకు తెలిసింది ఏమీ లేదు. పక్కింటివి పసుపెక్కాయి కదా అని బాబాయ్ గుర్తుచేశారు. వాటి గింజలు వేరు, మట్టి వేరు, వాళ్ళు నీళ్ళు పోసే తీరు వేరు, అది లెక్కలోకి రాదని నేను చెప్పాను. "నీ లెక్క చాలా కఠినంగా ఉందమ్మా," అన్నారాయన. కాయలు మాత్రం బాగా కాశాయి. ఆ నెలంతా మేము ముగ్గురం బెండకాయ పులుసు, బెండకాయ వేపుడు తిన్నాం. బాబాయ్ తప్ప ఇంకెవరూ సంతోషంగా తినలేదు.

తర్వాతి పంటకి పిన్ని మేడ మెట్ల కటకటాల తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. బాబాయ్ మెట్ల మీద నిలబడి కటకటాల్లోంచి చూసేవారు. "కుడివైపు మూడోది వాడినట్టుంది," అని కింద నుంచి కేకేసేవారు. పిన్ని బొడ్లో తాళంచెవి ఒకసారి తడుముకునేది. మందు కొట్టని వరుసలో మొదట రెండు మొక్కలు పసుపెక్కాయి, తర్వాత ఒకటి తప్ప అన్నీ. ఆ రోజు బాబాయ్ మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయారు. కొట్టిన వరుసలో తెగులు ఆలస్యంగా వచ్చింది, అదీ కొన్నిటికే. పెద్ద గొప్ప ఏమీ కాదు. డబ్బాల్లో మొక్కలు, చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కానీ ఈసారి అది నిజమైన లెక్క.

క్యాలెండరు ఫొటో తీసి నా పరిశోధన చూసే గైడుగారికి చూపించాను. నా కాకర గింజల ప్రొటీను అప్పటికి ఇంకా విడిగా శుద్ధి కాలేదు, కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్‌లో పాడైపోతోంది. ఆయన ఆ చుక్కలు చాలాసేపు చూసి, "ఈవిడని మన పిల్లల ముందు ఒక పావుగంట మాట్లాడమనగలరా?" అన్నారు.

పిన్ని పట్టుచీర కట్టుకుని ఏలూరు వచ్చింది. బాబాయ్ వెంట వచ్చారు. ల్యాబులో ముప్పైమంది పిల్లలు స్టూళ్ళ మీద సర్దుకుని కూర్చున్నారు. పిన్ని బల్ల అంచు పట్టుకుని మొదలుపెట్టింది. "ఇందులో అన్నిటికంటే ముఖ్యమైంది ఏదంటే, మందు కొట్టని వరుసండీ."

వెనక వరుసలో నవ్వులు. పిన్నికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సరే, మందు కొట్టే వరుస ఎటు కూర్చుందో తెలిసిపోయింది," అంది. ల్యాబు గొల్లుమంది. ఆ తర్వాత పావుగంటా ఒక్కరూ కదల్లేదు. కొట్టని వరుసని చూసి మనసు కరిగినా చెయ్యి కదలకూడదని, అది ఎండిపోతేనే మిగతాదాని సంగతి తెలుస్తుందని చెప్పింది. ఒకమ్మాయి లేచి, "మేడం, ఇది మనుషులకి జలుబు తగ్గిస్తుందా?" అని అడిగింది.

పిన్ని బాబాయ్ వైపు చూసింది. అందరూ బాబాయ్ వైపు చూశారు. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "లేదమ్మా," అన్నారు. "నేను చూశాను." మళ్ళీ కూర్చున్నారు.

సాయంత్రం వాళ్ళని ఏలూరు స్టేషన్లో రైలెక్కించాను. తలుపు దగ్గరి సీట్లో ఒక ముసలాయన తుమ్ముతున్నాడు. బాబాయ్ ఆయన పక్కనే చోటు చూసుకుని కూర్చుని, "జలుబాండీ? ఎన్నాళ్ళ నుంచండీ?" అని పలకరించారు. పిన్ని వెంటనే లేచి, బ్యాగు తీసుకుని, నాలుగు వరుసల అవతల కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలింది. బాబాయ్ రెండు చేతులతో గాల్లో ఒక పెద్ద గుండిగ ఆకారం చూపిస్తున్నారు. పిన్ని కిటికీలోంచి నాకు చెయ్యూపి, ఆయనెవరో తనకి తెలియనట్టు బయటి పొలాల వైపు చూస్తూ కూర్చుంది.